గోడకు చెరోవైపు ఒక లాయరు

మేవిస్ ఆక్రాయిడ్‌కు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆ వయసులో మోకాళ్ళు మొండికేస్తే అందులో వింతేమీ లేదు. వింతల్లా ఏమిటంటే, ఆ మోకాళ్ళ పుణ్యమా అని ఆవిడ మారదలుచుకున్నది పక్కింటికి. పక్కింటాయన మారదలుచుకున్నది ఆవిడ ఇంటికి. ఒకే గోడకు ఇటూ అటూ ఉన్న రెండిళ్ళు. ఒకే రాయి, ఒకే కప్పు, ఒకే ధర. పొద్దున్న టీ తాగి సామాను మోయడం మొదలుపెడితే సాయంత్రం టీ వేళకు తెమిలిపోయే పని. అలాంటి పనికి మా కాల్డ్‌షా ఊళ్ళో వసంతంలో మొదలైన తతంగం క్రిస్మస్ దాకా సాగింది. ఆ నెలల్లో నేను ఎంతమందిని తిట్టుకున్నానో నాకే లెక్కలేదు.

మేవిస్‌ది చాపెల్ వీధిలో పద్నాలుగో నంబరు. కూర్చునే గది కింద, స్నానాలగది పైన, రెంటి మధ్యా నిలువుగా నిచ్చెనలాంటి మెట్లు. మార్చి నెలలో ఓ పొద్దున ఆ మెట్లమీంచే జారిపడింది. ధబ్బుమన్న చప్పుడు గోడ అవతల పదహారో నంబరులో ఉన్న రోలండ్ సగ్డెన్‌కు వినిపించింది. బూట్లయినా వేసుకోకుండా మేజోళ్ళతో పరుగెత్తుకొచ్చాడు. వచ్చి, తలుపు తీసే ఉన్నా సరే, తలుపు తట్టాడు.

"క్షమించాలి మిసెస్ ఆక్రాయిడ్, లోపలికి రావచ్చా?"

"తప్పకుండా రండి మిస్టర్ సగ్డెన్," అంది మెట్ల కింద ముద్దగా పడి ఉన్న మేవిస్. "ఇల్లంతా చిందరవందరగా ఉంది, ఏమీ అనుకోకండి."

ముప్ఫయ్యేళ్ళుగా ఇరుగుపొరుగు వాళ్ళు. కంచె మీదుగా టీ కప్పులు అందుకున్నారు, ఒకరి చెత్తబుట్ట ఒకరు వీధిలో పెట్టుకున్నారు, ఒకరింటి సంతాపసభలో ఒకరు శాండ్‌విచ్‌లు పంచారు. అయినా ఆవిడ ఆయనకు మిసెస్ ఆక్రాయిడే, ఆయన ఆవిడకు మిస్టర్ సగ్డెనే. ఇద్దరిలో ఎవరు ఎవరి కాలు తొక్కినా ఇద్దరూ క్షమాపణ చెప్పుకుంటారు. మా వైపు మనుషులు అంతే, చచ్చేటప్పుడు కూడా ఎదుటివాళ్ళకి ఇబ్బంది కలిగించినందుకు నొచ్చుకుంటారు.

పడ్డ సంగతి తెలిసి కూతురు డెనీస్ సముద్రం ఒడ్డున ఉన్న తన ఊరినుంచి ఆఘమేఘాల మీద వచ్చింది.

"చూడమ్మా, నీతో వాదించే ఓపిక నాకు లేదు. క్రిస్మస్‌కల్లా కింద బాత్రూం ఉన్న ఇంట్లో ఉంటే సరేసరి. లేదంటే నిన్ను తీసుకెళ్ళి మా ఊళ్ళో పెద్దవాళ్ళ ఫ్లాట్లో పెట్టేస్తా. పేరు కూడా రాయించేశాను."

"నన్నడక్కుండానే?"

"అడిగితే ఏమంటావ్? 'నీకెందుకమ్మా శ్రమ' అంటావ్. ఒక్కో గదిలో ఎర్ర తాడు ఉంటుంది. లాగితే మనిషి వస్తుంది."

లాగకపోతే ఎవరూ రారన్నమాట అనుకుంది మేవిస్. తాడు లాగకుండానే చప్పుడు విని మేజోళ్ళతో పరుగెత్తుకొచ్చే మనిషి ఆ ఫ్లాట్లో దొరకడు. ఈ వీధి వదిలితే తాను ఎక్కువకాలం బతకదని ఆవిడకు గట్టి నమ్మకం. ఆ మాట మాత్రం పైకి అనలేదు. అంటే డెనీస్ నొచ్చుకుంటుందని.

ఇళ్ళు మార్చుకుందామన్న ఆలోచన రోలండ్‌ది. ఆయన ఇంట్లో వాళ్ళమ్మ కోసం వంటింటి వెనకాల కట్టించిన బాత్రూం ఉంది. మేవిస్ ఇంట్లో పైన, పోయిన భర్త చక్కగా చేయించుకున్న అటకగది ఉంది. రోలండ్ ఊరి బ్యాండులో పెద్ద ఇత్తడి బాకా వాయిస్తాడు. దాన్ని సాధన చేసుకోడానికి అలాంటి గది కావాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. ఆ మాట కంచె దగ్గర ఇలా అన్నాడు.

"ఒకటి అనుకుంటున్నాను మిసెస్ ఆక్రాయిడ్. మీకు అభ్యంతరం లేకపోతేనే సుమండీ. అభ్యంతరం ఉంటే అసలు నేను ఈ మాట అననే లేదు. వాన పడేట్టుంది అన్నాను, అంతే."

విషయం విని మేవిస్‌కు ప్రాణం లేచొచ్చింది. అక్కడిదాకా అంతా బాగానే ఉంది. అక్కడినుంచే లాయర్ల పురాణం మొదలు.

మా దేశంలో ఇల్లు కొన్నా, అమ్మినా, దానిమీద అప్పు తెచ్చుకున్నా, ఇంటి కాగితాలు చూసే లాయరు లేనిదే పిల్లి కూడా గడప దాటదు. కొనేవాళ్ళకొక లాయరు, అమ్మేవాళ్ళకొక లాయరు. ఒకే మనిషి రెండువైపులా నిలబడకూడదు. ఊళ్ళో మంచి లాయరంటే ఒక్కడే, గ్రీన్‌వుడ్ గారు. సంతవీధిలో బేకరీ పైన ఆఫీసు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకోసం ఆయనే కిందికి దిగివచ్చి, బేకరీలో బల్లముందు కూర్చుని వీలునామాలు రాస్తాడు. ఆ ఇద్దరి ఇళ్ళ చరిత్రా ఆయనకు కొట్టినపిండి.

"గ్రీన్‌వుడ్ గారిని మీరు పెట్టుకోండి మిస్టర్ సగ్డెన్," అంది మేవిస్.

"అబ్బే, అదేం మాట! మీరే పెట్టుకోండి. అసలు మీ మోకాలి గురించే కదా ఇదంతా."

"మీ అమ్మగారి వీలునామా ఆయనే రాశారు కదండీ."

"మీ ఆయన కాగితాలు మాత్రం? అవీ ఆయనే చూశారు. లేదు లేదు, మీరే."

"నా మాట వినండి, మీరే."

ఇలా వారం నడిచింది. కంచె దగ్గర ఒకసారి, చెత్తబుట్టల దగ్గర ఒకసారి, చర్చి మెట్లమీద ఒకసారి. చివరికి వాదన తెగకపోయేసరికి ఇద్దరూ ఒకే ఎత్తు వేశారు. మేవిస్ "సరే, మీ ఇష్టం, నేనే పెట్టుకుంటాను" అని పైకి అని, ఆయనకోసం గ్రీన్‌వుడ్ గారిని వదిలేసి, చడీచప్పుడు లేకుండా వేరే లాయరును చూసుకుంది. అదే రోజు రోలండ్ కూడా, ఎందుకైనా మంచిదని, ఆవిడకోసం గ్రీన్‌వుడ్ గారిని వదిలేసి వేరే లాయరును చూసుకున్నాడు. గ్రీన్‌వుడ్ గారు బేకరీలో రొట్టె తింటూ అలాగే కూర్చున్నారు, ఎవరికీ కాకుండా. ఇంత మర్యాద ఎందుకో, ఎవరిని ఉద్ధరించడానికో!

మేవిస్ చూసుకున్నది టీవీలో కుక్కపిల్లను చూపించి ఇళ్ళ కాగితాలు చేసిపెడతామనే కంపెనీ. కుక్కపిల్ల ముఖం చూసి నమ్మింది పాపం. ఫోను చేస్తే ముందు పావుగంట సంగీతం. ఆ తర్వాత ఒక గొంతు. ఆ గొంతు మళ్ళీ ఇంకెప్పుడూ వినిపించదు. ఇవాళ కేలీ అయితే రేపు టైలర్, ఎల్లుండి ఇంకెవరో. ప్రతి గొంతుకూ మొదటినుంచీ కథ చెప్పాలి.

"మేడం, ముందుగా ఒక హెచ్చరిక," అంది కేలీ. "మీరు కొనేవాళ్ళతోగానీ అమ్మేవాళ్ళతోగానీ ఈ విషయం నేరుగా మాట్లాడకూడదు. మాట ఏదైనా మా ద్వారానే."

"కొనేవారూ అమ్మేవారూ ఒక్కరేనమ్మా. మా పక్కింటాయనే."

"అయితే ఇద్దరితోనూ మాట్లాడొద్దు మేడం."

"కంచె దగ్గర కనిపిస్తే?"

"వాతావరణం వరకు ఫరవాలేదు."

ఆ తర్వాత ప్రశ్నలు. కంచె ఎవరిది, కాలువ ఎవరిది, చూరులో గబ్బిలాలున్నాయా, కింద పాత బొగ్గు గనులున్నాయా. మేవిస్ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. చివర్లో కేలీ అడిగింది.

"పక్కింటివాళ్ళ వల్ల ఎప్పుడైనా ఇబ్బంది పడ్డారా? బాగా ఆలోచించి చెప్పండి మేడం. దాస్తే రేపు కొన్నవాళ్ళు మీమీద కేసు వెయ్యొచ్చు."

మేవిస్ ఫోను ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకుంది. చర్చి బల్లమీద పెరిగిన మనిషి, అబద్ధం నోటికి రాదు. రోలండ్ ప్రతి మంగళవారం సాయంత్రం బాకా సాధన చేస్తాడు. అదే కీర్తన, ముప్ఫయ్యేళ్ళుగా. మూడో చరణంలో ఒకచోట స్వరం జారుతుంది, ప్రతిసారీ అక్కడే. ఆవిడ ఏనాడూ ఒక్క మాట అనలేదు. కాకపోతే మొదట్లో, కొత్తగా వచ్చిన రోజుల్లో, తలనొప్పిగా ఉన్న ఓ మంగళవారం, మనసులో ఒకమాట అనుకుంది.

"ఇబ్బందంటే... ఎప్పుడో ఒకసారి... బాకా కొంచెం... కానీ నేనేమీ అనలేదమ్మా! మనసులోనే!"

"అర్థమైంది మేడం. పక్కింటి శబ్దం. దీర్ఘకాలంగా. థాంక్యూ." కేలీ ఫోను పెట్టేసింది. మళ్ళీ చేస్తే టైలర్ ఎత్తాడు. కేలీ ఎవరో తనకు తెలియదన్నాడు.

రోలండ్ లాయరు మిస్ ఫెదర్‌స్టోన్. పక్క పట్నంలో ఆవిడ ఆఫీసు. పిడుగు పడుతుందేమోనని ఎండాకాలంలో కూడా కిటికీలు మూసుకుని కూర్చునే రకం. ఆవిడ ఆయనకు ఏం చెప్పిందో మేవిస్‌కు అప్పుడు తెలియదు. తెలిసిందల్లా, ఆ మంగళవారం సాయంత్రం వాన దంచికొడుతూ ఉంటే, రోలండ్ గొడుగు పట్టుకుని వీధి అవతలి పక్క నిలబడి, తన ఇంటి వైపే చెవి రిక్కించి వింటూ ఉండటం. మేవిస్ కిటికీ తెర పక్కకు జరిపి చూసింది. పిలిచి టీ ఇద్దామంటే మాట్లాడకూడదాయె. చివరికి ఉండబట్టలేక తలుపు తీసింది.

"వాన పడుతోంది మిస్టర్ సగ్డెన్," అంది. వాతావరణం వరకు ఫరవాలేదు కదా.

"పడుతోంది మిసెస్ ఆక్రాయిడ్," అన్నాడాయన, జుట్టులోంచి నీళ్ళు కారుతూ. "బాగా పడుతోంది." ఆ ముఖం చూస్తే ఇంట్లో ఎవరో పోయినట్టుంది.

సంగతి పై వారం ఫోనులో బయటపడింది. ఈసారి గొంతు పేరు సవానా.

"మేడం, మీ ఇల్లు కొనేవాళ్ళ లాయరు ధర తగ్గించమంటున్నారు. పక్కింట్లో ఎవరో బాకా ఊదే మనిషి ఉన్నాడట కదా."

"తల్లీ, ఆ బాకా మనిషే నా ఇల్లు కొనేది!"

"మా దగ్గర ఇద్దరూ వేర్వేరు మనుషులుగా ఉన్నారు మేడం."

"ఉన్నది ఒకే మనిషమ్మా! ఆయన నా ఇంట్లోకి వచ్చాక ఆయన పక్కింట్లో ఉండేది నేను! నాకు బాకా ఎత్తడమే చేతకాదు!"

"వాళ్ళ లాయరు ఆయన్ని స్వయంగా వెళ్ళి శబ్దం ఎలా ఉందో విని రమ్మన్నారట. మంగళవారం వెళ్ళి విన్నాడట. ఏమీ వినపడలేదట."

"ఎలా వినపడుతుంది? వాయించేవాడు వీధిలో గొడుగు పట్టుకుని నిలబడితే!"

"అదే మేడం, అందుకే వాళ్ళ లాయరు మరీ భయపడుతున్నారు. పక్కింటివాడు కావాలనే ఆ రోజు ఊరుకున్నాడట. మహా జిత్తులమారిలా ఉన్నాడు, అలాంటివాడి పక్కన కొనొద్దని సలహా ఇచ్చారట."

మేవిస్ ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడింది. ఒక మనిషి తన లాయరుకు డబ్బిచ్చి, తనను నమ్మొద్దని తనే సలహా చెప్పించుకున్నాడు. నవ్వొచ్చే సంగతే. కానీ ఆవిడకు నవ్వు రాలేదు. మనసులో అనుకున్న ఒక్క మాట, పాతికేళ్ళు పైబడ్డ మాట, ఇద్దరు లాయర్ల నోళ్ళ మీదుగా పోయి ఆయన చెవిన పడింది. అది కూడా ఆవిడే ఫిర్యాదు చేసినట్టు. సిగ్గుతో ఆవిడ తల కొట్టేసినట్టయింది.

ఆ ఫోను తర్వాతి మంగళవారం గోడ అవతల చప్పుడు లేదు. ఆపై మంగళవారమూ లేదు. మేవిస్ అల్లిక చేత్తో పట్టుకుని గోడవైపు చూస్తూ కూర్చునేది. కీర్తన మొదలయ్యే వేళకు చేతులు వాటంతటవే ఆగిపోయేవి. మూడో చరణం దగ్గర ఆయన జారకముందే ఆవిడ ఊపిరి బిగబట్టడం అలవాటు. ఇప్పుడు బిగబట్టిన ఊపిరి వదలడానికి చోటు లేకపోయింది. ముప్ఫయ్యేళ్ళ కిందట తలనొప్పి తెచ్చిన ఆ పాటే, ఇల్లు ఇల్లులా ఉండటానికి కారణమని ఇన్నాళ్ళకు తెలిసింది. ఆవిడ కుమిలి కుమిలి ఏడ్చింది, గోడ పలచన కాబట్టి దిండు అడ్డం పెట్టుకుని.

శరత్తు పోయింది, మంచు మొదలైంది. డెనీస్ ఫోను చేసింది.

"ఏమైందమ్మా ఇల్లు?"

"నడుస్తోందంటున్నారు."

"ఎక్కడికి నడుస్తోంది? ఫ్లాటు వాళ్ళు నన్ను అడుగుతున్నారు. క్రిస్మస్ ముందు శనివారం వస్తున్నా. అప్పటికి నువ్వు మెట్లెక్కకుండా బాత్రూంకి పోగలిగితే సరి. లేకపోతే సూట్‌కేస్ సర్దుకో. మళ్ళీ నువ్వు మెట్లకింద పడి ఉన్నావని నాకు ఫోను రావాలా? నావల్ల కాదమ్మా." చివరి మాట అంటూనే డెనీస్ ఫోను పెట్టేసింది.

మర్నాడు మేవిస్ కర్ర పట్టుకుని బేకరీకి బయలుదేరింది. గ్రీన్‌వుడ్ గారి కాళ్ళు పట్టుకునైనా, ఆ జడుపు లాయరమ్మ నుంచి రోలండ్‌ను విడిపించి ఆయన తరఫున చూడమని అడగాలని. లోపలికి అడుగు పెట్టేసరికి ఎవరున్నారు? రోలండ్. టోపీ చేత్తో నలుపుకుంటూ గ్రీన్‌వుడ్ గారి ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"...ఆ కుక్కపిల్ల వాళ్ళ నుంచి విడిపించి, మిసెస్ ఆక్రాయిడ్ తరఫున మీరు చూడాలండీ," అంటున్నాడు. "ఫీజు నేనిచ్చుకుంటాను. ఆవిడకు మాత్రం తెలియనివ్వద్దు."

మేవిస్‌ను చూసి గతుక్కుమని లేచి నిలబడ్డాడు. కుర్చీ లాగాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, మధ్యలో ఒక ఖాళీ కుర్చీ వదిలి కూర్చున్నారు. మాట్లాడుకోకూడదు కదా.

"గ్రీన్‌వుడ్ గారూ," అంది మేవిస్ గోడవైపు చూస్తూ, "మిస్టర్ సగ్డెన్‌తో చెప్పండి, ఆ బాకా గురించి నేను ఫిర్యాదు చెయ్యలేదని. తలనొప్పిగా ఉండి మనసులో అనుకున్నాను. ఒక్కసారి."

గ్రీన్‌వుడ్ గారు రొట్టెకు వెన్న రాసుకుంటూ, రెండడుగుల దూరంలో ఉన్న రోలండ్ వైపు తిరిగి, "ఫిర్యాదు చెయ్యలేదట," అన్నారు.

"ఆవిడకు చెప్పండి గ్రీన్‌వుడ్ గారూ, తప్పు నాదేనని. ముప్ఫయ్యేళ్ళు ఆవిడను హింసపెట్టాను. అందుకే వాయించడం మానేశాను."

"మానేశాడట," అన్నారు గ్రీన్‌వుడ్ గారు.

"మానేస్తే చంపేస్తానని చెప్పండి!"

గ్రీన్‌వుడ్ గారి చేతిలో కత్తి ఆగింది. బేకరీలో అందరూ తిరిగి చూశారు. మేవిస్ ముఖం ఎర్రబడింది. "క్షమించాలి," అంది అందరికీ.

"చంపుతుందట," అన్నారు గ్రీన్‌వుడ్ గారు చివరికి. "చూడండి, మీ ఇద్దరిలో ఒక్కరు నన్ను పెట్టుకున్నా నేనిప్పుడు ఇలా కూర్చుని రెండో వాళ్ళ మాట వినేవాణ్ణి కాదు. ఇద్దరూ వదిలేశారు, బతికిపోయాను. మీ ఇద్దరికీ నేనే కావాలంటే ఒక్కటే దారి, భార్యాభర్తలైతే అప్పుడు ఆలోచించొచ్చు."

ఇద్దరూ ఒక్కసారిగా కిటికీ బయటికి చూశారు.

"మబ్బు పట్టింది," అన్నాడు రోలండ్.

"పట్టింది," అంది మేవిస్.

"సరే, అది వదిలేయండి," అన్నారు గ్రీన్‌వుడ్ గారు. "అసలు మిసెస్ ఆక్రాయిడ్, ఆ ఇంట్లో మీకు కావలసిందేమిటి?"

"బాత్రూం అండీ."

"మిగతా ఇల్లు?"

మేవిస్ నసిగింది. "ఏమీ అనుకోకండి, ఆ వంటిల్లు... నాకు నా వంటిల్లే బాగుంటుంది."

"మీకో మిస్టర్ సగ్డెన్?"

"అటకగది ఒక్కటేనండీ. నా పడకగది వదలాలంటే నిజానికి బెంగగానే ఉంది. ఆవిడ నొచ్చుకుంటారని అనలేదు."

మేవిస్ కళ్ళముందు ఆ పలచని గోడ కనిపించింది. అవతల ఆయన వంటిల్లు, దాని వెనకే బాత్రూం. ఇవతల తన వంటిల్లు. మధ్యలో ఒక ఇటుక మందం. ఆ గోడలోంచి పడ్డ చప్పుడు పోయింది, బాకా వచ్చింది, ఏడుపు కూడా పోయేదే, దిండు అడ్డం పెట్టకపోతే. మనిషికి మాత్రం దారి లేదు. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది, ఎవరి మీదో ఆవిడకే తెలియదు.

"అయితే వంటింటి గోడకు ఒక తలుపు పెడితే చాలదా?" అంది.

గ్రీన్‌వుడ్ గారు రొట్టె కింద పెట్టారు.

"చాలు," అన్నారు. "తాపీమేస్త్రి చాలు, మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి ఒకసారి చూసుకుంటారు. ఒకరి గోడకు ఒకరు ఒప్పుకున్నట్టు ఒక కాగితం రాసుకుంటే సరి. ఇంతకీ ఈ మాట మీరు మీలో మీరు ఎప్పుడూ అనుకోలేదా?"

"ఆవిడ ఇంట్లోకి తలుపు పెడతాననడానికి నోరెలా వస్తుందండీ?" అన్నాడు రోలండ్ నివ్వెరపోతూ.

కాగితం అక్కడే రాశారు, వెన్న మరకతో సహా. చివర ఒక షరతు ఉంది. గ్రీన్‌వుడ్ గారు గొంతు తగ్గించి చదివారు. ఇద్దరిలో ఎవరు ముందు వెళ్ళిపోయినా, ఆ తలుపు తీసేసి మళ్ళీ ఇటుకలు పేర్చి మూసెయ్యాలి. మేవిస్ కలం పట్టుకుంది. ఆ ఇటుకలు ఆవిడ కళ్ళముందు కదిలాయి. రోలండ్ మెల్లగా అన్నాడు, ఈసారి నేరుగా ఆవిడతోనే.

"మీరు ముందు వెళ్ళకండి మిసెస్ ఆక్రాయిడ్. ఆ ఒక్క విషయంలో."

"మీరూ వద్దు," అంది మేవిస్. సంతకం చేసింది.

లాయర్లను ఊరికే మానిపించడం మర్యాద కాదు కదా, మేవిస్ కుక్కపిల్ల కంపెనీకి అల్లం కేకు పంపించి మరీ మానిపించింది. కేకు అందిందన్నారు. పని మాత్రం చురుగ్గా నడుస్తోందని ఇప్పటికీ నెలనెలా ఫోను వస్తుంది.

క్రిస్మస్ ముందు శనివారం నాటికి తలుపు సిద్ధమైంది. మేస్త్రి పొద్దున్నుంచీ రంగు వేసి, మేవిస్‌తో కలిసి కప్పుల మీద కప్పులు టీ తాగి వెళ్ళిపోయాడు. డెనీస్ కోటు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడింది. చంకలో ఫ్లాటు కాగితాలు.

"ఇదేనా? సరే, వెళ్ళి చూపించు."

అప్పటికే మేవిస్‌కు వెళ్ళాల్సిన అవసరం బాగానే ఉంది. మేస్త్రితో తాగిన టీ ఊరికే పోతుందా? తలుపు తట్టింది. అవతలినుంచి రోలండ్ తీశాడు. టై కట్టుకుని, జుట్టు తడిచేసి దువ్వుకుని, చంకలో బాకాతో.

"రండి మిసెస్ ఆక్రాయిడ్."

"అయ్యో, మీరు అటకకు వెళ్ళబోతున్నట్టున్నారు. మీరే ముందు రండి."

"లేదు లేదు, మీరు రండి."

"బరువు మోస్తున్నారు, మీరు ముందు."

"బరువేముందండీ! మీ మోకాలు... మీరే."

తలుపు వెడల్పు ఒక మనిషికే సరిపోతుంది. ఆవిడ పక్కకు తప్పుకుంది, ఆయనా తప్పుకున్నాడు. ఆవిడ అడుగు వేసింది, ఆయనా వేశాడు. ఇద్దరూ క్షమాపణ చెప్పుకుని మళ్ళీ వెనక్కి తగ్గారు. మేవిస్ కర్ర మీద బరువు ఈ కాలినుంచి ఆ కాలికి మార్చుకుంటోంది.

"అమ్మా," అంది డెనీస్ వెనకాలనుంచి నీరసంగా, "దీనికంటే మెట్లే నయం. మీ ఇద్దరితో ఇది అయ్యే పని కాదు. సూట్‌కేస్ ఎక్కడుంది?"

"ముందు మీరే మిసెస్ ఆక్రాయిడ్, నా మాట వినండి," అంటూ రోలండ్ గుమ్మంలో వంగి, చెయ్యి చాచి, దారి మొత్తం మూసేశాడు.

"జరగవయ్యా రోలండ్!"

వీధి చివరిదాకా వినిపించిందంటారు. మేవిస్ డెబ్భై ఎనిమిదేళ్ళ భుజంతో ఆయన్ని పక్కకు తోసి, బాకాకు కర్ర తగిలి ఖంగుమంటున్నా వెనక్కి చూడకుండా, ఆయన వంటిల్లు దాటి బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుంది.

లోపల కూర్చున్నాక గానీ ఆవిడకు సోయి రాలేదు. మనిషిని తోసింది. పేరు పెట్టి పిలిచింది. 'వయ్యా' అంది. అన్నిటికంటే ఘోరం, క్షమాపణ చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక తోసి కూడా క్షమాపణ చెప్పనిది ఆవిడ ఇద్దరికే, పోయిన మొగుడికి, కన్న కూతురికి. బయట చప్పుడు లేదు. ఆయన వెళ్ళిపోయి ఉంటాడు, మళ్ళీ నొచ్చుకుని ఉంటాడు. ఇటుకలు ఇవాళే పేర్చేస్తారేమో.

తర్వాత అడుగుల చప్పుడు వినిపించింది. తన వంటింట్లోంచి, తన మెట్లమీదుగా, పైపైకి. డెనీస్ గొంతు కూడా వినిపించింది, ఫోనులో ఎవరికో చెబుతోంది.

"ఫ్లాటు వద్దండీ. ఆ, తప్పకుండా వద్దు. ఆవిడకు ఇక్కడ మనుషులున్నారు."

అటకమీద కీర్తన మొదలైంది. మొదటి చరణం, రెండో చరణం. మేవిస్ ఊపిరి బిగబట్టింది. మూడో చరణంలో ఎప్పుడూ జారే చోటే స్వరం జారింది. ఆవిడ ఊపిరి వదిలి, అక్కడే కూర్చుని, దిండు అడ్డం లేకుండా ఏడ్చింది.